సముద్రంలో నీళ్ల వంతు

మా నాయనకు మతిమరుపు జబ్బు ముదిరాక, తిరుపతిలో ఒక చిన్న క్లినిక్‌కు వారం వారం తీసుకెళ్లేదాన్ని. అక్కడ పెద్దవాళ్ల కళ్లకు పెట్టె లాంటి ఒక కళ్లజోడు తగిలించి ఆటలాడించేవారు. అది పెట్టుకుంటే చుట్టూ సముద్రం అడుగు కనిపిస్తుంది. చేతికిచ్చిన రిమోటుతో రంగుల చేపలను తాకితే పాయింట్లు వస్తాయి. ఆ బొమ్మే గోడ మీది టీవీలో మాకూ కనిపించేది.

నాయన కార్వేటినగరం దగ్గర చెనిక్కాయ పండించిన మనిషి. బోర్లు వేయించి వేయించి విసిగిపోయినవాడు. మొదటిరోజు ఆ పెట్టె తగిలించగానే కుర్చీలోంచి లేచి, పంచె మోకాళ్లపైకి ఎగగట్టాడు.

"ఎవురప్పా మోటరు ఆపకుండా పొయ్యింది? కయ్యలన్నీ మునిగిపోయినాయి సూడు," అన్నాడు.

ఆట ఆడించే అమ్మాయి, "తాతా, చేపల్ని తాకండి," అంది.

"చేపలు యాడికి పోతాయిలేమ్మా. ముందు పార తే. మడవ తిప్పాల."

పార ఎవరూ ఇవ్వకపోయేసరికి రిమోటునే పారలాగా పట్టుకుని, వంగి, నీళ్లు పక్క మడికి మళ్లించడానికి మట్టి తోడి వేయసాగాడు. టీవీలో చేపలు అటూ ఇటూ చెదిరిపోతున్నాయి. ఒక్క పాయింటు కూడా రాలేదు.

పక్క కుర్చీలో ఒక అవ్వ, కొడుకును వెంటబెట్టుకొచ్చి, తన వంతు కోసం కూర్చుని ఉంది. పాకాల దగ్గరి వాళ్లు. ఆమెదీ అదే జబ్బు. టీవీ వైపు కాసేపు చూసి, "ఈ పొద్దు నీళ్లు మావి. నువ్వెట్ల కట్టుకుంటావు?" అంది.

"నిన్నంతా మీరే కట్టుకుంటిరి కదమ్మా," అన్నాడు నాయన, పెట్టె తీయకుండానే.

"నిన్న కరెంటే లేదు."

ఇద్దరం కలిసి సర్దిచెబుదామని నేను నవ్వుతూ అవ్వ కొడుకు వైపు చూశాను. బ్యాంకులో పనిచేసే నెమ్మదస్తుడు. ఆయన నవ్వలేదు.

"మీ నాయన ఒక్కడే వాడుకుంటా ఉంటే ఎట్ల? మా యమ్మ పొద్దున్నించి కూర్చోనుండాది," అన్నాడు.

ఆయన అన్నది ఆట గురించే అయ్యుంటుంది. నాకు మాత్రం నీళ్ల గురించే వినిపించింది.

"మా చేను ఎండిపోతా ఉంటే మీకు ఇడిసిపెట్టాల్నా?" అన్నాను. మా చేను అమ్మేసి చాలా ఏళ్లయింది.

"పైచేనికి ముందు పారాల. యాడైనా అదే న్యాయం."

"మీది పైచేనని ఎవురు చెప్పినారు?"

ఆట ఆడించే అమ్మాయి మా మధ్యకు వచ్చి, పొద్దున తాతకు, సాయంత్రం అవ్వకు అని తీర్పు చెప్పింది. సాయంత్రం మోటరు సరిగ్గా ఎత్తదని అవ్వ ఒప్పుకోలేదు. అంతలో పెట్టెలో చార్జింగ్ అయిపోయి టీవీ నల్లబడింది.

వంగినవాడు వంగినట్టే ఆగి, "కరెంటు పోయింది," అన్నాడు నాయన.

"పోతాదని నేను అప్పుడే అనుకుంటి," అంది అవ్వ.

కరెంటు వచ్చేదాకా ఇద్దరికీ చేసే పని లేదు. నాయన పెట్టె తీయించుకుని ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె నడుము దగ్గరి సంచి తీసి సగం వక్కాకు ఆయనకిచ్చింది. వానలు ఎట్లున్నాయో మాట్లాడుకున్నారు. నేనూ బ్యాంకు ఆయనా మాత్రం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా ఫోన్లు చూసుకుంటూ ఉండిపోయాం.

ఇంటికొచ్చాక మా ఆయన, "మామ బాగా ఆడినాడా?" అని అడిగాడు.

"యాడ ఆడనిచ్చినారు? మన వంతు నీళ్లకు పాకాలోళ్లు అడ్డం వచ్చినారు," అన్నాను.

ఆయన చెప్పులు విప్పి గోడవారన పెట్టాడు.

"వచ్చే వారం నేనొచ్చి వాళ్లతో మాట్లాడతాలే," అన్నాడు.