కేసెట్టు ఉత్తరాలు

కాశీబుగ్గలో మా దుకాణం వెనక సందులో ఒక జీడిపప్పు బట్టీ ఉంది. పొద్దున్న పదింటికల్లా దాని పొగ లోపలికి వచ్చేస్తుంది. ఏళ్ల తరబడి పీలుస్తున్నదే కాబట్టి దాన్ని పట్టించుకోవడం ఎప్పుడో మానేశాను. మొన్న ఒకాయన తన పెళ్లి కేసెట్టు తెచ్చి, పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇమ్మన్నాడు. ప్లాస్టిక్ డబ్బా మూత తీయగానే బూజు పట్టిన టేపు వాసన పైకి వచ్చి ఆ పొగలో కలిసింది. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. అది అచ్చంగా గున్నయ్య మావ షాపు వాసన. "ఏటైనాది మేస్టారూ, పాడైపోనాదేటి?" అని ఆయన కంగారుపడ్డాడు. ఏమీ కాలేదని చెప్పి, టేపు తుడిచి మిషన్లో పెట్టాను. పెళ్లికొడుకు తెర మీద నవ్వుతూనే ఉన్నాడు.

గున్నయ్య మావ నాకు మేనమామ కాదు. మా వైపు చనువున్న పెద్దవాళ్లందరూ మావలే. ఆయన టెక్కలిలో ఒక టూరింగ్ టాకీసులో ఆపరేటరుగా పనిచేసేవాడు. ఇళ్లలో సినిమాలు చూసే కాలం రాగానే పలాస వచ్చి, స్టేషనుకు వెళ్లే దారిలో రెండు గదులు తీసుకుని వీడియో లైబ్రరీ పెట్టాడు. ముందు గదిలో గోడ నిండా కేసెట్లు, వెనక గదిలో ఒక టీవీ, కేసెట్లు ఆడించే వీసీపీ, మధ్యలో పూల పరదా. ముందు గదిలోనే ఒక మూల నా బల్ల. టీవీలు, వీసీపీలు బాగుచేయడం నా పని. ఆ పెట్టెలు సొంతంగా కొనుక్కున్నవాళ్లు ఊళ్లో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. పెళ్లయినా, పేరంటమైనా టీవీ, వీసీపీ, మూడు సినిమాలు కలిపి ఒక రోజుకి అద్దెకు పట్టుకెళ్లేవారు. మావ టీవీని పాత బొంతలో చుట్టి, పసిపిల్లను అప్పగించినట్టు రిక్షా ఎక్కించేవాడు. ప్రతి కేసెట్టు మీదా 'వెనక్కి తిప్పి ఇవ్వండి' అని చీటీ అంటించేవాడు. ఒక్కడూ తిప్పేవాడు కాదు. సాయంత్రం వాటన్నిటినీ తనే వరసగా తిప్పుకుంటూ, "సినీమా సూసీసినోడికి మొదలుతో పనేటుందిరా" అని నవ్వేవాడు. ఆ మనిషికి కోపం వచ్చినట్టు నేను చూడలేదు. వచ్చి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

సినిమాలు కాక ఆ షాపులో ఇంకో పని జరిగేది, బోర్డు మీద రాయనిది. ఉద్దానం ఊళ్ల నుంచి మస్కట్టో, దుబాయో పనికి వెళ్లినవాళ్లు అక్కడ ఎవరి కెమెరానో బతిమాలి, తమ మాటలు కేసెట్టులో పట్టించి, సెలవు మీద వచ్చేవాడి చేతికిచ్చి ఇంటికి పంపేవారు. ఊళ్లో వీసీపీ ఉన్న ఇల్లు ఒకటి ఉన్నా, అక్కడ పెడితే వీధి వీధంతా వచ్చి కూర్చుంటుంది. అందుకని ఆడవాళ్లు ఆ కేసెట్టు కొంగులో పెట్టుకుని ప్యాసింజరు బండెక్కి మావ దగ్గరికి వచ్చేవారు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా షాపు తలుపు ఓరగా వేసి, ఆ వేళ వాళ్లకే ఉంచేవాడు.

దానికి ఆయన పద్ధతి ఒకటుంది. కేసెట్టు పెట్టగానే బొమ్మ మీద అడ్డంగా గీతలు పడతాయి. మరలు అటూ ఇటూ తిప్పి ఎవరో ఒకరు వాటిని సరిచేయాలి, సరిచేయాలంటే బొమ్మ చూడక తప్పదు. మావ ముందు సౌండు పూర్తిగా తగ్గించేవాడు. గీతలు పోయేదాకా చూసి, పోగానే తల పక్కకి తిప్పుకుని, ఆపే బొత్తాం ఏదో, వెనక్కి తిప్పే బొత్తాం ఏదో ఆమెకు చూపించి, సౌండు పెంచి బయటికి వచ్చేసేవాడు. వచ్చి గుమ్మం మెట్టు మీద వీధి వైపు తిరిగి కూర్చునేవాడు. లోపలి మాట బయటికి వినపడకుండా రేడియో పెట్టేవాడు. ఆ రెండు గంటలూ నన్ను కూడా ఉండనిచ్చేవాడు కాదు. చూశాక కొందరు కేసెట్టు ఇంటికి పట్టుకెళ్లడానికి భయపడేవారు. వాటిని ఇనప బీరువాలో పెట్టి తాళం వేసి, తాళం చెవి గోడకు మేకు మీద తగిలించేవాడు.

"అందులో ఏటుంటాది మావా?" అని ఒకసారి అడిగాను.

"నాకేటి తెలుసు? గీతలు పోయినాక నాను సూడను."

"రోజుకి నాలుగాటలు సూసిన ఆపరేటరువి. ఇప్పుడేటి ఈ మడి?"

ఆయన నవ్వలేదు. "అది ఊరందరికీ తీసినాది. ఇది ఒక్క మనిసికి తీసినాది. ఆలకి ఉత్తరమంటే ఒకడు రాయాలి, ఇంకోడు సదవాలి. మొగుడూ పెళ్లాల మధ్యన ఇద్దరు పరాయోళ్లు. ఇదైతే ఆడి నోరు, ఆవిడ సెవి. మనం గీతలు తీసీ వోళ్లం, అంతే."

దమయంతి అలా వచ్చిన మనిషే. కంచిలి అవతల కొబ్బరితోటల్లో ఊరు. పాతికేళ్లుంటాయేమో. భర్త ధర్మారావు మస్కట్టులో ఇనప కడ్డీలు కట్టే పనికి వెళ్లి నాలుగేళ్లయింది. ఒక వానాకాలం ఆమె కొత్త కేసెట్టు తెచ్చుకుంది. చూసి బయటికి వచ్చేటప్పటికి కళ్లు వాచి ఉన్నాయి. నేను అప్పుడే భోజనం చేసి తిరిగి వచ్చాను. "ఆయన్ని వొచ్చీమని సెప్పీత్తాను మావా. మా అత్తని ఒప్పించుకుని, మళ్లీ మంగళారం ఒచ్చి, బూత్ కాడ్నుంచి ఫోన్ సేత్తాను. అంతదాకా కేసెట్టు నీ కాడే ఉంచు" అంది. మావ తల ఊపి బీరువాలో పెట్టాడు. ఆ మంగళవారానికి ధర్మారావు తిరిగి రావాలా వద్దా అన్నది తేలిపోయేది. నేను చెయ్యి పెట్టకుండా ఉంటే.

ఆ శనివారం మావ కొత్త సినిమాలు తేవడానికి విశాఖపట్నం వెళ్తూ షాపు నాకు అప్పగించాడు. పొద్దున్నుంచీ ఒకటే వాన. ఒక్క బేరం లేదు. నా స్నేహితులు ఇద్దరు వచ్చి కూర్చున్నారు. చూసిన సినిమాలే మళ్లీ ఏం చూస్తామని ఒకడన్నాడు. రెండోవాడు బీరువా వైపు చూశాడు. తాళం చెవి మేకు మీద ఉంది. తీసింది నేనే. వాళ్లు బలవంతపెట్టలేదు. నాకు అప్పటికి ముప్పై ఏళ్లు, పెళ్లయి కూతురు కూడా పుట్టింది. కుర్రతనం అని చెప్పుకోవడానికి లేదు. గీతలు కూడా నేనే తీశాను. సౌండు తగ్గించలేదు.

ఇరుకు గదిలో రెండంతస్తుల మంచం అంచున గుబురు మీసాల మనిషి కూర్చుని ఉన్నాడు. కొంచెంసేపు తిండి గురించీ, ఎండ గురించీ చెప్పాడు. కొబ్బరిమొక్కలకు నీళ్లు పెడుతున్నారా అని అడిగాడు. తర్వాత ఉన్నట్టుండి మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. "దమ్మూ, నాకు బయమేత్తందే. పైన కడ్డీల మీద నిలబడితే కాళ్లొనుకుతన్నాయి. ఎవులికీ సెప్పకు. నువ్వొచ్చీమంటే ఒచ్చీత్తాను. నన్నొచ్చీమనవే దమ్మూ, నన్నొచ్చీమనవే."

మేం నవ్వాం. అంత మీసం పెట్టుకుని పెళ్లాం ముందు ఏడ్చాడని నవ్వాం. అక్కడితో ఆపకుండా వెనక్కి తిప్పి మళ్లీ చూశాం. రెండోవాడు ఎవరినైనా అచ్చంగా అనుకరించగలడు. ఆ గొంతు, ఆ జీర, 'మనవే' దగ్గర ఆ సాగదీయడం అక్కడికక్కడే పట్టేశాడు. నేను చప్పట్లు కొట్టాను. కేసెట్టు మొదటికి తిప్పి, బీరువాలో పెట్టి, తాళం చెవి మేకుకు తగిలించాను. ఎవరికీ ఏమీ తెలియదనుకున్నాను. ఆదివారం సాయంత్రానికి టీ కొట్టు దగ్గర నలుగురి నోట అదే మాట. టీ ఆలస్యమైతే 'నన్నొచ్చీమనవే'. పేకాటలో ఓడితే 'నన్నొచ్చీమనవే'.

మంగళవారం దమయంతి బండి దిగి ఆ టీ కొట్టు ముందు నుంచే నడిచి వచ్చింది. గొంతు పట్టేసిన నా స్నేహితుడు అక్కడే ఉన్నాడు, ఆమెను ఎరగడు. ఎవరినో నవ్వించడానికి ఎప్పటిలాగే ఆ మాట అన్నాడు. నాలుగేళ్లుగా ఆమె టీవీలో తప్ప వినని గొంతు, నడివీధిలో, వేరేవాడి నోట్లోంచి వచ్చింది. షాపు గుమ్మంలో నిలబడి, లోపలికి అడుగు పెట్టకుండానే, "మావా, నా కేసెట్టు నాకిచ్చీ" అంది.

"ఏటమ్మా, సూడవేటి?"

"ఊరందరూ సూసీసినారు కదా. ఇంక నాను సూడ్డానికేటి ఉంది."

మావకు ముందు అర్థం కాలేదు. ఆమె ఆ మాట చెప్పింది, టీ కొట్టు దగ్గర విన్నానని చెప్పింది. ఆయన మేకు మీది తాళం చెవిని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. ఒక్కసారే. నా చేతిలో సోల్డరింగ్ కడ్డీ ఉంది, ఎదురుగా విప్పిన రేడియో ఉంది. తల వంచి ఆ రేడియోలోకి చూస్తూ ఉండిపోయాను. "తప్పు నాదమ్మా. తాళం నాది" అని మావ అనడం వినిపించింది. ఆమె కేసెట్టు తీసుకుని వెళ్లిపోయింది. ఫోను చేయడానికి బూతు వైపు వెళ్లలేదు, స్టేషను వైపు వెళ్లింది. నేనే చేశానన్న ఒక్క మాట అనడానికి ఆమె వీధి మలుపు తిరిగేదాకా వ్యవధి ఉంది. అనలేదు.

మర్నాడు మావ షాపు మూసి కంచిలి వెళ్లాడు. సాయంత్రం తిరిగి వచ్చి, ఏం జరిగిందో చెప్పకుండా చొక్కా మార్చుకుని కేసెట్లు తిప్పుకుంటూ కూర్చున్నాడు. నన్ను పొమ్మనలేదు. నా బల్ల ఆ మూలనే ఉంది. మేకు మీద మాత్రం తాళం చెవి లేదు. మొలతాడుకు కట్టుకున్నాడు. ఆ తర్వాత దానితో ఆయనకు పనే లేకపోయింది, ఆ కబురు ఊరూరా పాకి ఏ ఆడమనిషీ కేసెట్టు పట్టుకుని మా గుమ్మం తొక్కలేదు. మా ఊళ్ల వాళ్లు ఎక్కడ లేరు గనక, ఆ మాట మస్కట్టుకు కూడా చేరింది. తోటివాళ్లు ధర్మారావును అదే గొంతుతో ఏడిపించారట. ఏ మొహంతో ఊరికి వస్తాడు? ఇంకో ఎనిమిదేళ్లు అక్కడే, ఆ కడ్డీల మీదే ఉండిపోయాడు.

తర్వాత కేబుల్ టీవీ వచ్చింది, సీడీలు వచ్చాయి. రోడ్డు పక్క గోనెపట్టా మీద సినిమాలు పోసి అమ్మారు. అద్దెకు తీసుకుని, మళ్లీ తెచ్చి ఇచ్చే ఓపిక జనానికి పోయింది. మావ షాపు ఖాళీ చేసే రోజున కేసెట్లు అట్టపెట్టెల్లో సర్దుతూ, ఇక ఉండబట్టలేక, "మావా, ఆ రోజు బీరువా తీసింది నానే" అన్నాను.

"తెలుసు" అన్నాడు, చేతిలో పని ఆపకుండా. "ఆ పూటే తెలుసు. నువ్వు సెప్తావని ఇన్నేళ్లూ సూసినాను."

"తప్పయిపోనాది మావా."

"నాకు సెప్పి ఏటి లాభంరా? సెప్పాల్సింది నాకా?"

అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. తిట్టి ఉంటే, తిట్లు తిన్నాను కదా అని కడుక్కునేవాణ్ణి. ఆయన ఉన్నంతకాలం కంచిలి వెళ్లాలనే అనుకున్నాను, రేపనీ ఎల్లుండనీ. ఆయన పోయాక రెండేళ్లకు వెళ్లాను.

ధర్మారావు వాకిట్లో కూర్చుని కొబ్బరికాయల పీచు ఒలుస్తున్నాడు. మీసం తెల్లబడింది. నన్ను చూసి, ఎవరని అడగకుండా కుర్చీ జరిపి, ఒక బొండం కొట్టి చేతికిచ్చాడు. నేను వానల గురించి ఏదో అడిగితే తల మాత్రం ఊపాడు. లోపలి నుంచి దమయంతి వచ్చి, కొంచెంసేపు తేరిపార చూసింది. "పలాసలో టీవీలు బాగుసేసీ అన్న కాదేటి? ఆయన్ని ఏటీ అనుకోకన్నా. అక్కడ్నుంచొచ్చిన కాడ్నుంచీ ఇంతే, మాటాడరు" అంది. మామూలుగానే అంది. నా చేతిలో బొండం బరువెక్కింది.

"గున్నయ్య మావ బాగున్నాడేటి?" అని అడిగింది. పోయాడని చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్టు మీద కూలబడింది.

"మంచోడన్నా. అప్పుడు మా వాకిట్లోకొచ్చి నిలబడితే మా బావగారు సొక్కా పట్టుకుని లాగీసినారు. తలెత్తలేదు. నానే సూసినాను, నానే నలుగురిలో అనీసినాను, నన్నేటి సేత్తారో సెయ్యండని అన్నాడు. సేసిన తప్పు అలగ ఇంటికొచ్చి ఒప్పుకునీవోడు ఎవుడుంటాడన్నా? నాకు ఆ రోజే కోపం పోనాది."

గీతలు పోయాక ఒక్క బొమ్మయినా చూడని మనిషి, నేనే చూశానని ఆ వాకిట్లో చెప్పాడు. ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో ఆయన పేరు అలాగే ఉంది. నేను ఆ ఒక్క ముక్క చెప్పడానికే బస్సెక్కి వచ్చాను. ఆయన చూడలేదమ్మా, చూసింది నేను. నోటిదాకా వచ్చింది. ధర్మారావు కత్తి పక్కన పెట్టి నా మొహం వైపు చూస్తున్నాడు.

"అవునమ్మా, ఒప్పుకునీ మనిసే" అన్నాను.

బొండం నీళ్లు తాగి, వచ్చిన బస్సులోనే తిరిగి వచ్చేశాను. ఆయన బతికుండగా ఒకసారి, పోయాక ఒకసారి, నా తప్పు గున్నయ్య మావ మీదే పెట్టి వచ్చాను. మొదటిసారి ఆయన తనంతట తనే ఎత్తుకున్నాడు. రెండోసారి ఆయన్ని అడిగే దారి కూడా లేదు.