అంచు మీద ఫోకస్

నాకు పొగరెక్కువని మా వాడకట్టులో అందరికీ తెలుసు. ఉండదా మరి! ఎనభైల చివర్లో మోత్కూర్‌లో ఫోటో స్టూడియో నడిపే చాచా దగ్గర నేను పనికి కుదిరినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. బురఖా తీసి ఫోటోకు కూర్చోవాలంటే ఎదురుగా ఆడమనిషే ఉండాలని వాళ్ళ వాడలోని ఆడవాళ్ళు పట్టుబట్టారు. అందుకని చాచా నన్ను పెట్టుకున్నాడు. మగ్గం నేసే ఇంటి పిల్లకు ఫోటోల పనేంటని నవ్వినవాళ్ళు నవ్వారు. నవ్విన నాపచేనే పండుతుందంటారు. ఎలా పండిందో చెబుతాను.

చాచా నా చేతికిచ్చింది పాత రష్యా కెమెరా, మూడు లెన్స్‌లు. ఆ కెమెరాలో లెన్స్ ఏం చూస్తోందో మనకు కనిపించదు. పైనున్న చిన్న కిటికీలోంచి చూడాలి. కిటికీ నడుమ పసుపు మచ్చ ఒకటుంటుంది. ఫోకస్ కుదరకపోతే ఆ మచ్చలో మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. లెన్స్ చుట్టూ ఉన్న చక్రం తిప్పుతూ పోతే ఆ ఇద్దరూ జరిగి జరిగి ఒక్కరవుతారు. అప్పుడు నొక్కాలి. మొదటిరోజు అందులో చాచాను చూసి, "ఒక్క చాచాతోనే ఏగలేకపోతున్న, ఇద్దరైతే ఎట్లనే అల్లా!" అన్నాను. ఆయన పడీపడీ నవ్వాడు.

మా బాపు చిటికి నేతలో మొనగాడు. నూలుకు ముందే ముళ్ళు కట్టి రంగులద్ది, మగ్గం మీద ఆ రంగుల్ని గడికి గడి కలుపుతూ నేసేవాడు. కానీ ఏం లాభం? అంతకుముందు ఆయన నేసిన రుమాలుకు హైదరాబాద్ నేత పోటీలో బహుమతి వస్తే, అది షావుకారు పేరు మీద వచ్చింది. నూలు ఇచ్చినవాడు షావుకారు కాబట్టి గుడ్డ కూడా ఆయనదేనట. ఆ రోజు బాపు వెనుక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టి వచ్చాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నేను పనికి కుదిరిన ఏడు ఆ పోటీకి కొత్త నియమం పెట్టారు. నేసిన మనిషి, తన మగ్గం మీద, అదే గుడ్డ నేస్తున్న ఫోటో జతచేయాలి. ఫోటో ఉంటే గుడ్డ బాపుది. లేకపోతే మళ్ళీ షావుకారు తనదే అంటాడు. బాపు సొంతంగా నూలు కొనుక్కుని, ఎర్రటి చిన్న చిన్న గళ్ళతో చీర మొదలుపెట్టాడు.

"వెడల్పు లెన్స్ పెట్టు బేటీ," అన్నాడు చాచా. "జర అటూ ఇటూ అయినా అంతా సాఫ్ వస్తది. గా పొడుగు లెన్స్‌తోని బెత్తెడు తప్పినా ఖతం."

వెడల్పు లెన్స్ పెట్టి చూశాను. గుంట మగ్గం, కుండలు, దండెం మీది బట్టలు అన్నీ వచ్చాయి, బాపు మాత్రం బొటనవేలంత. గళ్ళు అసలే కనిపించవు. నేను వింటానా? దూరాన్ని దగ్గరికి లాగే పొడుగు లెన్స్ బిగించి, గడపలో కూర్చుని, పసుపు మచ్చను గళ్ళ మీద పెట్టి తిప్పాను. రెండు గళ్ళూ ఒకదాని మీదొకటి చక్కగా కూర్చున్నాయి. టకటకా ఆరు ఫోటోలు తీశాను.

ఫిల్ము కడిగి చూశాను. వెనక గోడ మీది కాలెండర్‌లో తారీఖులు చదవొచ్చు. బాపు చేతులు, చీర, అంతా పొగ. ఆరింటికి ఆరూ అంతే. చాచా ఆరింటినీ వరసగా తీగకు తగిలించి ఆరేశాడు. అదే ఇంకా సిగ్గనిపించింది. అప్పటికి మగ్గం మీద నేయాల్సింది జానెడే మిగిలింది. చీర కోసేస్తే ఇక ఫోటో లేదు.

ఇంటికొచ్చి బాపు ముందు కూర్చుని ఏడ్చాను. "గళ్ళు కుదిరినయ్ బాపూ, నా కండ్లతోని చూసిన," అన్నాను. ఆయన పోగును అటూ ఇటూ నడిపే నాడె పక్కన పెట్టి కెమెరా అడిగి తీసుకుని, చక్రం తిప్పుతూ చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వాడు.

"ఏ గడి మీద ఏ గడి కూసున్నదో చూసినవా? నడుమ అన్నీ ఒక్కతీరుగనే ఉంటయ్ బిడ్డా. పక్క గడి మీద కూసున్నా కుదిరినట్టే కొడ్తది. నేను నేర్చుకునేటప్పుడు గూడ గిట్లనే మోసపోయిన, సగం చీర ఇప్పిన. అంచు కాడ చూడు. అంచు ఒక్కటే ఉంటది."

లెన్స్ మీద దూరాన్ని అడుగుల్లో చూపే అంకె అప్పుడు చూశాను. గడపలో మళ్ళీ కూర్చున్నాను, మగ్గానికి ఆరడుగుల దూరం. ముందు రోజు నేను తిప్పినట్టే గడి మీద గడి కుదిరిస్తే అది పన్నెండు, అంటే వెనక గోడ దూరం చూపిస్తోంది. ఓయమ్మ, నా తెలివి తెల్లారినట్టే ఉంది!

మర్నాడు పొద్దున ఎండ గడప దాటగానే మళ్ళీ అదే లెన్స్ పెట్టాను. బాపు బొటనవేలు అంచు మీద ఆనించి, పోగు సర్దుతున్నాడు. పసుపు మచ్చను అంచు మీదికి తెచ్చాను. రెండు అంచులు కనిపించాయి. తిప్పాను. ఒక్కటయ్యాయి. అంకె చూశాను, ఆరు. నొక్కాను.

ఆ ఫోటోలో బాపు గోటికంటిన రంగు మరక కూడా కనిపిస్తుంది. చాచా దాన్ని వెలుగులోకి పట్టుకుని చూసి, ప్రతి ఫోటో వెనకా కొట్టే స్టూడియో ముద్ర పక్కకు నెట్టేశాడు. "గిది నాది కాదు. నీ పేరు రాయి," అన్నాడు. నేసింది బాపు, తీసింది నేను అని ఇద్దరి పేర్లూ రాశాను. బాపు దాన్ని నాతో మూడుసార్లు చదివించుకున్నాడు.

బహుమతి బాపు పేరు మీదే వచ్చింది. ఆయన వేదికెక్కుతుంటే నేను లేచి నిలబడ్డాను. వెనక్కి తిరిగి చూస్తే, చివరి వరసలో షావుకారు కూర్చుని చప్పట్లు కొడుతున్నాడు. పొడుగు లెన్స్ పెట్టి, ఆయన మీసం అంచు మీద ఫోకస్ కుదిర్చి, ఒక ఫోటో తీసుకున్నాను.