గోడ మీద గిన్నె

ఆ గిన్నె మాదీ కాదు, వాళ్లదీ కాదు. బందరులో మేముండే అద్దె ఇంటికీ పక్కింటికీ మధ్య నడుమెత్తు గోడ ఒకటి ఉండేది. ఇటు అక్కచెల్లెళ్లం మేమిద్దరం, అటు బ్లౌజులు కుట్టే ఆవిడా, వాచీలు బాగుచేసే వాళ్లాయనా. ఆవిణ్ణి వీధంతా ఆపా, అంటే ఉర్దూలో అక్కా, అనేవాళ్లు, మేమూ అలాగే పిలిచేవాళ్లం. మేం నీచు తినమని ఆపా మాకోసమే ఒక మూతగిన్నె కొంది. "ఇందులో మాంసం వండలేదు, ఎప్పటికీ వండను" అని అక్కకి ఒట్టేసి మరీ చెప్పింది. స్టీలు కొట్టువాడు పేరు కొట్టమంటారా అంటే వద్దందట. పదిహేడేళ్లు ఆ గిన్నె గోడ మీద అటూ ఇటూ తిరిగింది. సేమ్యా పాయసం వస్తే పులిహోర వెళ్లేది. ఏమీ లేని రోజు గుప్పెడు పంచదారో, రెండు నిమ్మకాయలో వేసి ఇచ్చేవాళ్లు. ఖాళీ గిన్నె మాత్రం తిరిగివ్వకూడదు. ఎందుకే అని అడిగితే మా అక్క, "ఇవ్వకూడదంతే. నోర్మూసుకుని పట్టుకెళ్లు" అనేది.

నేను స్కూలు ఆఫీసులో గుమాస్తాని. పెళ్లి చేసుకోలేదు. భర్త పోయాక అక్క దివిసీమలో అత్తారిల్లు వదిలి నా దగ్గరికి వచ్చేసింది. వంటిల్లు ఆవిడది, కరెంటు బిల్లూ గ్యాసు బుకింగూ నావి. యాభై ఏళ్లొచ్చినా నాకు పప్పు ఎన్ని విజిల్స్‌కి దింపాలో తెలీదు. తెలుసుకోవాల్సిన అవసరం వస్తుందని అనుకోలేదు కూడా.

వారం రోజుల జ్వరంతో అక్క పోయింది. కర్మలయ్యాయి, చుట్టాలు వెళ్లిపోయారు, నేను మంచం ఎక్కాను. మొదట్లో ఆఫీసుకి వెళ్లొచ్చి పడుకునేదాన్ని, తరవాత వెళ్లడం కూడా మానేశాను. మా ఆఫీసు ఆవిడే ఒకావిడ ఆటో పిలిచి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. మంచాయనే, విసుక్కోకుండా విన్నాడు. డిప్రెషన్ అన్నాడు, రెండు రకాల మాత్రలు రాశాడు. ఆయన్ని ఆడిపోసుకోను, ఆ మాత్రలే లేకపోతే నాకు కన్ను మూతపడేది కాదు. కానీ నిద్ర లేచాక ఆ పగలంతా ఏం చెయ్యాలో ఆ చీటీలో లేదు. అప్పట్నుంచి అందరి నోటా అదే మాట. "డిప్రెషనంటగా, యోగా చెయ్యి" అని ఒకరు. "డిప్రెషన్ కదా, ఎటన్నా తిరిగిరా" అని ఇంకొకరు. సలహాలకేం, ఊరికే వస్తాయి. నాకు మా అక్క కావాలి, అంతే. ఆ ముక్క అంటే, "మాత్రలు వేసుకుంటున్నావా?" అని అడిగేవాళ్లు.

ఆపా ఒక్కతే ఏమీ అడగలేదు. రోజూ గోడ మీద గిన్నె పెట్టి, కిటికీలోంచి నన్నో కేకేసి వెళ్లిపోయేది. ఉప్మానో, పప్పూ అన్నమో ఉండేది. తినేదాన్ని. తిన్నానన్న గుర్తు కూడా లేదు. ఆ గిన్నె తీసుకెళ్లడానికి నాలుగైదు రోజులు ఆవిడే వచ్చింది. ఓ రోజు నాకెందుకో ఒళ్లు మండింది. నన్నేమన్నా ముష్టిదాన్ననుకుంటోందా అని, గిన్నె కడిగి బోర్లించి టంగుమని గోడ మీద పెట్టాను.

రెండు నిమిషాల్లో ఆపా గోడ దగ్గర ప్రత్యక్షం. టేపు మెడలోనే ఉంది.

"ఖాళీ గిన్నె ఇచ్చావేంటి? మీ అక్క ఇచ్చిందా ఎప్పుడైనా?"

"ఇంట్లో ఏం లేదు ఆపా."

"ఏం లేకపోతే పంచదార లేదా? నేను తీసుకోను పో. ఏదో ఒకటి వేసి ఇవ్వు, అప్పుడు తీసుకుంటా."

ఈవిడ అక్కణ్ణుంచి వెళ్తే చాలని వంటింట్లోకి వెళ్లాను. అక్క పోయాక ఆ గదిలో అడుగు పెట్టడం అదే మొదలు. ఒక్కో డబ్బా మూత తీసి చూసి, చివరికి పంచదార వేసి ఇచ్చాను. మర్నాడు గిన్నె మళ్లీ వచ్చింది. మళ్లీ పంచదార. నాలుగు రోజులకి డబ్బా అడుగంటింది, కొట్టుకి వెళ్లాల్సొచ్చింది. పంచదారకి వెళ్లినదాన్ని పచ్చిమిరపకాయలూ ఓ దోసకాయా కూడా తెచ్చాను. ఎన్నాళ్లు పంచదార వేస్తాను, సిగ్గు లేకపోతే సరి!

నా మొదటి దోసకాయ పప్పు తిని ఆపా గోడకి చేరబడి నవ్వింది. "సముద్రం ఇంత దగ్గర్లో పెట్టుకుని పప్పులో కూడా ఎందుకమ్మా?" రెండోసారి పప్పు ఉడకలేదు. మూడోసారి మాడింది. "మీ అక్కలాగా రాలేదు" అనేది ప్రతిసారీ. ఓ రోజు నాకు చిర్రెత్తుకొచ్చి, "అయితే అదెలా చేసేదో మీరే చెప్పండి, నాకేం తెలుసు!" అని అరిచాను.

చెప్పింది. పదిహేడేళ్లు మా అక్క వంట తిన్న మనిషి, అన్నీ ఆవిడ నాలుక మీదే ఉన్నాయి. దోసకాయ చెక్కు తియ్యదు. చింతపండు కాస్త తగ్గిస్తుంది. ఇంగువ పోపులో వెయ్యదు, ముద్ద ఇంగువ నీళ్లలో నానబెట్టి పప్పు దింపేముందు ఆ నీళ్లు పోస్తుంది, అది దివిసీమలో వాళ్లత్తగారు నేర్పిన పద్ధతి. అక్క అవన్నీ ఆవిడకి చెప్పింది, నాకు చెప్పలేదు. నేనడిగితే కదా!

అలా నానబెట్టి పోసిన రోజు వాసన వచ్చింది. అక్క వాసనే. గరిటె పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చాను. తరవాత గిన్నె తీసుకుని గోడ దగ్గరికి వెళ్లి అక్కడా ఏడ్చాను. ఊరుకో అనలేదు ఆపా. నా చెయ్యి పట్టుకుని అలా నిలబడిపోయింది, లోపల పొయ్యి మీద పాలు పొంగుతున్నా కదల్లేదు.

మళ్లీ ఆఫీసుకి వెళ్లడం మొదలుపెట్టాక, ఇంక మాత్రలెందుకు, మానేస్తాను అంటే ఆపాయే కసిరింది. "ఆయన మానమన్నాడా? మాత్ర పని మాత్రది, గిన్నె పని గిన్నెది." డాక్టరు కొన్నాళ్లకి తగ్గించి, తరవాత ఆపేశాడు. ఇంట్లో ఏం చేస్తున్నారమ్మా అని అడిగాడు. పక్కింటావిడకి గిన్నె తిరిగిస్తున్నానండీ అన్నాను. ఆయనకి అర్థం కాలేదు పాపం.

రెండేళ్ల కిందట ఆపా వాళ్లు గుడివాడలో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. మోకాళ్లు అరిగిపోయాయి, మిషను తొక్కలేకపోతోంది. వెళ్లేరోజు గిన్నె నా దగ్గరుంది, ఉంచుకో అంది. కొత్తగా దిగినవాళ్లు ఆ గోడ మీద ఇంకో నాలుగడుగులు లేపారు. ఇప్పుడు పెరట్లోకి వెళ్తే సిమెంటు కనిపిస్తుంది. ఇప్పటికీ పప్పు దించాక మూతగిన్నె వైపు చెయ్యి పోతుంది. ఎవరికి పెట్టను?

పోయినేడాది ఆపా వాళ్లాయన పోయారు. నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదని వాళ్ల పద్ధతి. ఆ గడువు తీరిపోయినా ఆపా మంచం దిగలేదు. కూతురు ఫోన్ చేసి ఏడ్చింది. "డాక్టరుకి చూపిస్తున్నామండీ, మందులు వాడుతున్నాం. అమ్మ మాత్రం ఎవరితోనూ మాట్లాడట్లేదు ఆంటీ."

మర్నాడు పొద్దున్నే దోసకాయ పప్పు చేశాను. బస్సు టైమైపోతోందని హడావుడిగా పోపు పెట్టి, గిన్నెలో పోసుకుని పెడన మీదుగా గుడివాడ వెళ్లాను. మూడో అంతస్తులో ఫ్లాటు. ఎటు చూసినా గోడలే, గిన్నె పెట్టే గోడ ఒక్కటీ లేదు. ఆపా అటు తిరిగి పడుకుని ఉంది. గంటసేపు కూర్చున్నాను, ఇటు తిరగలేదు. గిన్నె అక్కడే పెట్టి వచ్చేశాను. వారం తరవాత వాళ్లమ్మాయి బందరొచ్చే ఎవరి చేతో పంపింది. మూత తీశాను. తళతళా కడిగిన ఖాళీ గిన్నె.

నాకు భయం వేసింది. ఈవిడ కూడా పోతే మా అక్కని ఎరిగినవాళ్లు నాకింకెవరూ ఉండరు. ఆ ఆదివారమే ఆ ఖాళీ గిన్నె పట్టుకుని మళ్లీ బస్సెక్కాను. మంచం పక్కన నిలబడి, మూత తీసి ఆవిడ ముందు పెట్టాను.

"ఖాళీ గిన్నె ఇచ్చారేంటి ఆపా? మా అక్క ఇచ్చిందా ఎప్పుడైనా?"

నా గొంతు పెద్దదే. కూతురు పరిగెత్తుకొచ్చింది. "ఆంటీ, కడిగి పంపింది నేనండీ, అమ్మకి తెలీదు..."

"నువ్వుండమ్మా. ఏదో ఒకటి వేసిస్తే తప్ప నేను తీసుకోను."

ఆపా ఇటు తిరిగి ఆ గిన్నె వంక చూసింది. మోకాలి మీద చెయ్యి వేసుకుని మెల్లగా లేచింది. గిన్నె పట్టుకుని వంటింట్లోకి నడిచింది. ఒక డబ్బా తీసింది, కందిపప్పు. ఇంకోటి తీసింది, రవ్వ. అక్కడ ఆగిపోయింది.

"ఈ ఇంట్లో పంచదార ఎక్కడుంటుందో నాకు తెలీదు" అంది.

కూతురు చున్నీ నోటికడ్డం పెట్టుకుంది. "కష్టపడకూడదని, కూర్చోబెట్టి చూసుకుందామని అమ్మని వంటింట్లోకే రానివ్వలేదు ఆంటీ" అంది. డబ్బా అందివ్వబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. వెతుక్కోనీ అన్నాను.

అయిదో డబ్బాలో దొరికింది. గుప్పెడు వేసి, మూత పెట్టి నా చేతికిచ్చింది. ఇస్తూ నా మొహంలోకి చూసింది.

"మొన్న ఇంగువ పోపులో వేసేశావు. మీ అక్క నానబెట్టి పోసేది."

తిరుగు బస్సులో గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పెడన దాకా ఓర్చుకున్నాను, ఆ తరవాత నా వల్ల కాలేదు. "తిందే అక్కా, ఆపా తింది" అని పైకే అనేశాను. పక్క సీట్లో ఆవిడ నా వంక అదోలా చూసి కాస్త జరిగి కూర్చుంది.