‘మేస్త్రీ’ అన్నందుకు అవుట్

పోయిన వారం మా వంటింటి గోడ నెమ్మెక్కి పెచ్చులూడుతుంటే, మా కోడలు ఎవరికో ఫోన్ చేసి ‘ఏక్ మిస్త్రీ భేజ్ దీజియే భయ్యా’ అని తాపీ పనివాణ్ణి పంపమంది. పాపం, ఆ పిల్ల తప్పేమీ లేదు. కానీ ఆ మాట చెవిన పడ్డాక నాకు ఆ పూట అన్నం సయించలేదు. కొందరికి పాత పాట వింటే చిన్నతనం గుర్తొస్తుందట. నాకు మాత్రం పాత అవమానమే గుర్తొస్తుంది, అదీ నిన్న జరిగినంత తాజాగా.

డెబ్బైల్లో జంషెడ్‌పూర్‌లో పెరిగిన మన తెలుగువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. గుమ్మం దాటితే హిందీ, గుమ్మంలోపల శ్రీకాకుళం. మా నాన్న కాంట్రాక్టు పనుల్లో తాపీ మేస్త్రీ, మా కాపురం భుయ్యాడీహ్‌లో. నాన్నకు వరుసకు అన్న, అంటే నాకు పెదనాన్న, గోల్‌మురి క్వార్టర్లలో ఉండేవారు. ఫ్యాక్టరీలో కూలీల హాజరు రాసే గుమాస్తా. మడత నలగని చొక్కా, జేబులో రెండు కలాలు. ప్రతి ఆదివారం సాయంత్రం నాన్న నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని వాళ్ళింటికి తీసుకెళ్ళేవాడు. పిల్లలు తెలుగు మరిచిపోకూడదని పెదనాన్న తన వరండాలో చాప పరిచి మాటల ఆట ఆడించేవారు.

ఆయన ఒక అక్షరం చెప్తే, వంతులవారీగా ఆ అక్షరంతో మొదలయ్యే మాటొకటి, దాని అర్థం చెప్పాలి. హిందీ మాట దొర్లిందా, అవుట్. చాప మీంచి లేచి మెట్టు మీద కూర్చోవాలి. పెద్దలైనా పిల్లలైనా నియమం ఒక్కటేనని ఆయన ప్రతి వారం గట్టిగా చెప్పేవారు. ఒక వేసవిలో విజయనగరం వెళ్ళి వస్తూ లావుపాటి తెలుగు నిఘంటువు తెచ్చి, ఆ ఆదివారం గెలిచినవాళ్ళకు ఇస్తానన్నారు. మా ఇంట్లో తెలుగు అచ్చు అన్నది పంచాంగంలో తప్ప ఎక్కడా ఉండేది కాదు. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఆ పుస్తకం కోసం వారమంతా బావి దగ్గరా, వంటింట్లో అమ్మ దగ్గరా మాటలు ఏరుకుని పెట్టుకున్నాను.

ఆ రోజు అందరూ మెట్టెక్కగా చివరికి మిగిలింది నేనూ, పెదనాన్న కూతురు అక్కా. అక్షరం ‘మ’. నేను ‘మేస్త్రీ’ అని, పనివాళ్ళకు పెద్ద అని అర్థం చెప్పాను. మా నాన్న మాట కదా అని గర్వంగానే చెప్పాను.

“అదేటమ్మా, అది మిస్త్రీ గాదేటి? ఫ్యాక్టరీలో బీహారోల్లందరూ అనీ మాటే అది. అవుట్, అవుట్!” అన్నారు పెదనాన్న. అంతటితో ఆగితే నేనూ ఆగేదాన్నేమో. “అయినా మేస్త్రీ కూతురికి ఇంకే మాట వత్తదిలే” అని నవ్వారు. వరండా అంతా నవ్వింది. మా నాన్న కూడా నవ్వాడు. అక్క ‘మజిలీ’ అంది, ప్రయాణంలో ఆగే చోటంది, నిఘంటువు ఒళ్ళో పెట్టుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు నాన్న నడుం పట్టుకోకుండా సీటు కింది కడ్డీ పట్టుకుని కూర్చున్నాను. “ఆటేగదే పిల్లా” అన్నాడు నాన్న. నాకు ఆట కాదు.

ఎనభైల్లో టెల్కో కాలనీలో ఒక బడిలో తెలుగు చెప్పే ఉద్యోగం దొరికింది. చేరిన రోజే బడి నిఘంటువులో ‘మ’ తీశాను. మేస్త్రీ మన మాట కాదు, నిజమే. కానీ హిందీ మాటా కాదు. ఓడల్లో వచ్చిన పోర్చుగీసువాళ్ళు వదిలివెళ్ళిన మాట. వాళ్ళ భాషలో దానికి గురువు, పనిలో ఆరితేరినవాడు అని అర్థమట. మనకూ బీహారువాళ్ళకూ దాని మీద సమాన హక్కే. ఇక మజిలీ? ఉర్దూ, హిందీల ‘మంజిల్’లోంచి వచ్చింది. ఆ రెండూ ఒక కాగితం మీద రాసుకుని పర్సులో పెట్టుకున్నాను. రెండేళ్ళు కాచుకున్నాను.

పెదనాన్న పదవీ విరమణ నాడు బంధువులందరినీ అదే వరండాలో భోజనాలకు పిలిచారు. దండ వేసుకుని లేచి నిలబడ్డారు. “ఇన్నాల్లూ అందరి హాజరూ నానే రాసేను, రేపట్నుంచి నా కుర్చీ ఖాళీ” అన్నారు. అందరి కళ్ళూ చెమ్మగిల్లాయి. నేను మాత్రం లెక్కపెట్టాను.

“పెదనాన్నా, హాజరు, కుర్చీ, ఖాళీ. మూడూ హిందీవాళ్ళ మాటలే. మీరు అవుట్” అన్నాను. కాగితం తీసి మేస్త్రీ సంగతి, మజిలీ సంగతి అందరికీ వినపడేలా చదివాను. అక్క తల దించుకుంది. మా అమ్మ నా కొంగు పట్టి లాగింది. ఆయన నా చేతిలోంచి కాగితం అందుకుని చదువుకున్నారు. “నియమం నియమమేనమ్మా. మేస్త్రీ ఒప్పే. తప్పు నాదే” అని, మెడలో దండతోనే నడిచి వెళ్ళి మెట్టు మీద కూర్చున్నారు.

జాలి పడ్డానని రాస్తే అబద్ధమవుతుంది. నా కడుపు నిండింది. కానీ ఆ ముచ్చట పూర్తిగా తీరకుండానే మా నాన్న లేచి వెళ్ళి అన్న పక్కన కూర్చున్నాడు. “జరుగన్నియ్యా. నాకూ ఒక్క మాటా రాదు గదా, నానూ అవుటే” అన్నాడు. ఇద్దరూ పగలబడి నవ్వారు. నా తీర్పును నవ్వులో కలిపేసినందుకు మా నాన్న మీదా నాకు ఇప్పటికీ కోపమే.

ఇద్దరూ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు మా ఇళ్ళలో మనం తెలుగులో అడిగితే పిల్లలు హిందీలో జవాబిస్తారు. అది తప్పని అనేవాళ్ళు లేరు. ఒక్క మాట కోసం పన్నెండేళ్ళ పిల్లతో పంతానికి దిగేవాళ్ళు అసలే లేరు. ఎనిమిది వీధుల అవతలి నుంచి పిల్లల్ని పోగుచేసి, మాట మాటకూ తగువు పెట్టుకున్న మనిషి ఈ ఊళ్ళో నాకు తెలిసి ఆయనొక్కరే. నేను ఆయన్ని క్షమించలేదు, క్షమించను కూడా. కాకపోతే ఆదివారం సాయంత్రమయ్యేసరికి, పోట్లాడటానికి ఆయనుంటే బాగుండుననిపిస్తుంది.