మౌనా లోవా మీద ఒక శనివారం

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు. ఆ రోజు హెల్త్ షీట్‌లో విశాలాక్షి గారి పేరు ఎదురుగా "బ్రేక్‌ఫాస్ట్, ఎనిమిది గంటలకు" అని రాసింది నేను. ఆమె ఆ మాట చెప్పలేదు. నేను అడగలేదు.

2025లో హవాయి పెద్ద దీవిలో, జియాలజీ ఎంఎస్ అయ్యాక, జనాన్ని కొండలెక్కించే ఒక చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. నా పని పేరు స్వీప్. గైడ్ ముందు నడిచి దారి చూపిస్తాడు. స్వీప్ అందరికంటే చివర, నెమ్మదిగా నడిచేవాళ్ల వెనకాల రావాలి. ఎక్కువ మాట్లాడక్కర్లేదు కాబట్టి నాకు బాగా కుదిరింది.

ఆ ఏడాది కిలవేయా అగ్నిపర్వతం కొన్నాళ్లు రేగి, కొన్నాళ్లు ఆగుతోంది. లావా నిలువునా ఎగజిమ్మడాన్ని ఫౌంటెన్ అంటారు. కారులో వెళ్లి దగ్గర్నుంచే చూడొచ్చు. కొందరు మాత్రం పక్కనున్న మౌనా లోవా ఎక్కి, పదివేల అడుగుల ఎత్తున క్యాబిన్‌లో రాత్రి ఉండి, మబ్బుల పైనుంచి చూడాలనుకుంటారు. వాళ్లే మా క్లయింట్లు.

విశాలాక్షి గారు అమెరికాలోనే నోవై అనే ఊళ్లో పిల్లల డాక్టర్‌గా చేసి రిటైరయ్యారు. అరవై ఎనిమిదేళ్లు. కుడి మోకాలు మార్పించుకుని ఏడాదైంది, ఎడమదానికి ఆ పై నెలలో ఆపరేషన్. "దాని తర్వాత ఎలా ఉంటానో ఎవరు చూశారు? ఇప్పుడే ఎక్కేస్తా" అన్నారు. భర్త లాడ్జిలో ఉండిపోయారు. "ఆయనా? కిటికీలోంచి పొగ కనిపిస్తే చాలట. అగ్నిపర్వతాన్ని కూడా కాఫీ తాగుతూ చూసే మనిషి."

బయల్దేరే ముందు ప్రతి క్లయింట్‌నీ ఏం తిన్నారో, ఎన్నింటికి తిన్నారో అడిగి షీట్‌లో రాయాలి. మిగతా ముగ్గురినీ మా గైడ్ కియోనీ అడిగాడు. ఆమెను నాకు వదిలేశాడు, మీ భాషే కదా అని.

"తిన్నారా ఆంటీ?" అన్నాను.

"ఆ, అయిందమ్మా."

పెద్దావిడను ఏం తిన్నారని ఆరా తీయడానికి మొహమాటం వేసింది. గడి ఖాళీగా ఉండకూడదు కాబట్టి నాకు తోచిన టైము రాసేశాను.

దారంతా ఆమే మాట్లాడారు. "మాది తెనాలి. మీది?" "హనుమకొండ ఆంటీ." "అందుకే ఇంత నెమ్మది. మా వైపు పిల్లవైతే ఈపాటికి నన్ను నోరు మూసుకోమనేదానివి." మడతలు పడి గట్టిపడిన నున్నటి లావా చూసి, "పాలగిన్నె వంచితే మీగడ ఇలాగే ముడుచుకుంటుంది" అన్నారు. నాలుగేళ్లు చదివినా నాకు ఆ పోలిక తట్టలేదు.

తొమ్మిది వేల అడుగుల దగ్గర ఆమె ఒక రాయి మీద కూర్చుండిపోయారు. తలనొప్పి, వికారం. వేలికి ఆక్సీమీటర్ పెట్టాను. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెబుతుంది. ఆ ఎత్తులో తొంభై దగ్గర ఉండాల్సింది, ఎనభై రెండు చూపించింది.

"డాక్టర్ని, నాకు తెలియదా? ఇది ఎత్తు వల్ల కాదు, ఆకలి. శనివారం కదా, పొద్దుగూకేదాకా తినను."

"తిన్నారా అంటే అయిందన్నరు కద ఆంటీ!"

"అలా అడిగితే ఎవరైనా అయిందనే అంటారు. లేదంటే అక్కడికక్కడ పొయ్యి వెలిగించేదానివా?"

ఆకలైనా, ఎత్తు పడక వచ్చే ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ అయినా లక్షణాలు ఒకటే. ఆకలైతే తిని పైకి వెళ్లొచ్చు. రెండోదైతే పైకి వేసే ప్రతి అడుగూ ప్రమాదం. ఉపవాసం సంగతి రేడియోలో చెబితే, మిగతావాళ్లతో ముందు నడుస్తున్న కియోనీ, "దగ్గరున్నది నువ్వు. నువ్వే తేల్చు" అన్నాడు.

తినమని బతిమాలాను. "సరే, వెంకన్నకి నువ్వే సమాధానం చెప్పుకో" అంటూ సంచిలోంచి పులిహోర తీసి తిన్నారు. అరగంట ఆగాం. "తలనొప్పి తగ్గింది, పద" అన్నారు. ఒక పాదం మడమను రెండో పాదం వేళ్లకు ఆనిస్తూ తిన్నగా నడవమన్నాను. ఆల్టిట్యూడ్‌కి అదొక పరీక్ష. మూడో అడుగుకే తూలారు.

"అది మోకాలమ్మా!"

మోకాలే కావచ్చు. కానీ ఆక్సీమీటర్ ఇంకా ఎనభై రెండు దగ్గరే ఉంది.

"కిందికి పోదాం ఆంటీ."

"ఇంకొక్క గంట నడిస్తే క్యాబిన్. మళ్లీ రాలేనమ్మా నేను."

"పైకి పోనియ్యను."

పెద్దవాళ్లతో అలా మాట్లాడటం నాకదే మొదలు. ఆమె కర్ర అందుకుని కిందికి తిరిగారు.

పొద్దు వాలుతుండగా రేడియోలో కియోనీ కేకలు. ఫౌంటెన్ మొదలైంది. "ఆ రేడియో కట్టెయ్" అన్నారు ఆమె. కారు దగ్గరికి చేరేసరికి మబ్బు అడుగంతా కుంపటి ఊదినప్పుడల్లా రాజుకున్నట్టు ఎర్రబడుతోంది, తగ్గుతోంది. అంతకుమించి ఏమీ కనబడలేదు. అప్పటికి తలనొప్పి పూర్తిగా పోయింది. ఆక్సీమీటర్ తొంభై మూడు. ఆ అంకె ఆమె కూడా చూసి, ఆక్సీమీటర్ తీసి నాకిచ్చేశారు.

"కారులో అరగంట పోతే దగ్గర్నుంచి కనబడొచ్చు ఆంటీ. పోదామా?"

"కారులో చూసేదానికైతే మా ఆయనతోనే వచ్చేదాన్ని."

మర్నాడు మధ్యాహ్నం, పైకి మోయించిన తన స్లీపింగ్ బ్యాగ్ కోసం ఆఫీసుకి వచ్చారు. కియోనీ షీట్ చూసి, "బ్రేక్‌ఫాస్ట్ ఎనిమిదింటికని ఉంది. మరి ఉపవాసం ఏమిటి?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే ఆమె ఇంగ్లీషులో చెప్పేశారు: "ఈ అమ్మాయి సరిగానే అడిగింది. ఎనిమిదింటికి తిన్నానని నేనే అబద్ధం చెప్పాను."

నేను తెరిచిన నోరు మూసేశాను.

ఇప్పుడు మనవాళ్లెవరొచ్చినా "తిన్నారా" అని అడగను. "చివరగా ఏం తిన్నారు, ఎన్నింటికి" అని అడిగి, జవాబొచ్చేదాకా పెన్ను పట్టుకుని నిలబడతాను. కొందరికి చిరాకు. పడనీ. మర్యాదగా అడిగితే మర్యాదగా జవాబొస్తుంది. నిజం రాబట్టాలంటే కాస్త మొహమాటం వదులుకోవాలని ఆ కొండ మీద నేర్చుకున్నాను.

ఆ మధ్యాహ్నం బ్యాగ్ మోసుకుంటూ ఆమెను కారు దాకా సాగనంపాను. "సారీ ఆంటీ" అన్నాను. దేనికో చెప్పలేదు. ఆమె సీటులో కూర్చుని, బెల్టు పెట్టుకుని, అద్దం దించారు.

"నాకింకా కోపం తగ్గలేదు. తగ్గాక నేనే ఫోన్ చేస్తా. నువ్వు చెయ్యకు."