ఎదుటివాని గోడు నా నోట చెప్పించిన దేవుడు

ప్రియ సహోదరులారా, సహోదరీలారా! పద్నాలుగేళ్లు నేను పంజగుట్టలోని మన మందిరంలో ముందు వరుసలోనే కూర్చున్నాను, కాని ప్రభువు బల్ల నాడు రొట్టె పళ్లెం నా దాకా వచ్చినప్పుడల్లా ముట్టకుండా పక్కవారికి అందించేశాను. పొరుగువానితో సమాధానపడనివాడు ఆ రొట్టె ముట్టరాదని నాకు తెలుసు, సమాధానపడే ఉద్దేశమే నాకు లేదు! ఆ రొట్టె తినకుండానే కన్నుమూస్తానేమోనని నా భార్య ఏడ్చేది, నా గుండె మాత్రం కరగలేదు.

అమీర్‌పేటలో నాది పుస్తకాల బైండింగ్ దుకాణం. ఏడో తరగతితో బడి ఆగిపోయినా, బైండింగుకు వచ్చిన ప్రతి పుస్తకాన్నీ, చట్టాల పుస్తకాలతో సహా, కుట్టే ముందు చదివి నేర్చుకున్నవాణ్ని. పక్కది టైలర్ సలీం దుకాణం, ఇద్దరి ఇళ్లూ వెనకాలే, దారి ఒకటే గల్లీ. నా భార్యకు ఊపిరాడని రోజు సలీం కుట్టుమిషన్లు ఆ గల్లీకి అడ్డంగా ఉన్నాయి, ఆటో లోపలికి రాలేదు, ఆమెను వీపున మోసుకుని రోడ్డు దాకా పరుగెత్తాను. ఆ వారమే గల్లీకి ఇనుప గేటు పెట్టి తాళం వేశాను. వాళ్లకు వెనక ఇరుకు సందే మిగిలింది. నేను రొట్టె ముట్టనిదీ అప్పటి నుంచే.

నిరుడు కాలేజీ విద్యార్థులు కొందరు ఇంటర్న్‌షిప్ అంటూ మా బస్తీకి వచ్చారు. తగాదాలు తీర్చడం జనం మధ్య కూర్చుని నేర్చుకుంటారట! నాకు ఒళ్లు మండింది. "మీ మార్కుల కోసం మా కొట్లాట కావాల్నా?" అని గద్దించాను. హారిక అనే అమ్మాయి జంకలేదు. "మా రిపోర్టు బైండింగ్ కూడా మీ దగ్గరే చేయిస్తాం తాతగారూ, ఒక్క గంట కూర్చోండి" అంది. నా భార్య బతిమాలింది, వెళ్లి కూర్చున్నాను, నెగ్గడానికే!

వాళ్ల పద్ధతి చిత్రమైనది. ఎవరి గోడు వారు చెప్పుకోకూడదు, ఎదుటివాని గోడు చెప్పాలి, అతను "సహీ", అంటే నిజమే, అనేదాకా. నన్ను చాచా అని, నా భార్యను చాచీ అని పిలిచే సలీం మొదలుపెట్టాడు. "మా మిషన్లు అడ్డమున్నయ్. చాచీని చాచా వీపు మీద మోస్కపోయిండు. ఒక చెప్పు తెగి ఆడ్నే పడ్డది, ఉత్త కాలుతోనే ఉరికిండు. నేను షట్టర్ ఎన్క నిలబడి చూసిన, సిగ్గుతోని బయటకు రాలే."

చెప్పు సంగతి నేనే మరిచిపోయాను, సహోదరులారా! "సహీ" అన్నాను.

తర్వాత నా వంతు. ముప్పై ఏళ్ల నాటి మాట ముక్క పోకుండా అప్పజెప్పే నాకు సలీం బాధ ఒక్కటీ నోటికి రాలేదు. "అన్నీ యాదుంటయంటవ్ గద చాచా, జర చెప్పు" అన్నాడు. చివరికి అతనే చెప్పాడు. "మా అబ్బా పోయిన నాడు తాళం తియ్యమని అడిగిపిచ్చిన. నువ్వు తియ్యలే. ఎన్క సందుల జనాజా పాడె తిరుగలే. గోడ మీదికెళ్లి అందిచ్చుకున్నం."

అవును, వాళ్ల నాన్న పోయిన నాడు అడిగించాడు! కోర్టుకు పొమ్మని చెప్పి పంపింది నేనే! ఆ మాట నా మనసులోంచి నేనే చెరిపేసుకున్నాను.

"ఇప్పుడు మీరు చెప్పండి తాతగారూ" అంది హారిక, మెల్లగా.

"మీ అబ్బాకు ఆఖరి తొవ్వ నేను మూసిన" అన్నాను.

సలీం మొహం భుజాన తుడుచుకున్నాడు. తర్వాత "సహీ" అన్నాడు.

అందరి ముందే మోకరించాను. "ప్రభువా, నా జ్ఞాపకాన్ని నమ్ముకుని నేనే నీతిమంతుణ్ననుకున్నాను, ఈ రాతిగుండె తీసెయ్యి తండ్రీ!" అని మొరపెట్టాను, ఆయన విన్నాడు! నన్ను లేపింది సలీం చేతులే. "లే చాచా, మోకాళ్లు పట్టుకుంటే నిన్ను మోసుడు నా వల్లగాదు" అన్నాడు, ఏడుస్తూనే ఇద్దరం నవ్వాం.

ఆ సాయంత్రమే కలిసి గేటు ఊడబీకాం. ఆదివారం పళ్లెం వచ్చింది, రొట్టె తీసుకుని తిన్నాను! నా భార్య వేసిన కేక మీరందరూ విన్నారు కదా! పండిన తల వంచడానికి ఇరవై ఏళ్ల పిల్లల్ని పంపిన దేవునికే మహిమ!

మీకూ నాలాగే మాటలు తెగిపోయిన మనిషి ఎవరైనా ఉన్నారా? ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గరే నిలబడి ఉంటాను, చెప్పండి, ఈరోజే వాళ్లింటికి మీ వెంట నడుస్తాను. భయపడకండి, నన్ను విడిపించిన యేసయ్య మనకంటే ముందే ఆ గుమ్మంలో ఉంటాడు.