మేడం గారికి ఒక కుర్చీ

ఆ వేసవి సెలవుల్లో మా ప్రైవేటు స్కూలు తరగతి గదుల్లోంచి కుర్చీలన్నీ ఎత్తించేశారు. కూర్చున్న టీచరు పాఠం చెప్పడని కరస్పాండెంటు గారు కనిపెట్టారు. ఆ సంగతి ఆయన కనిపెట్టింది ఏసీ గదిలో, చక్రాలున్న కుర్చీలో కూర్చుని. అందులో వెనక్కి వాలితే అమలాపురం నుంచి దిండి దాకా కనబడుతుంది.

రోజుకు ఏడు పీరియడ్లు. తెలుగు చెప్పీ చెప్పీ సాయంత్రానికి నా పిక్కల్లో నరాలు గోదావరి పాయల్లా చీలి సముద్రం కోసం వెతుక్కునేవి. నా సంగతి వదిలేయండి. తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పే మేడం గారికి ఏడో నెల. వాచిన పాదాలు చెప్పుల్లో పట్టేవి కావు. ముక్తేశ్వరం నుంచి రెండు ఆటోలు మారి వచ్చి, నిలబడి లెక్కలు చెప్పేది. కాస్త బల్లకు ఆనుకుంటే చాలు, కెమెరాలో చూసి మైకులో పేరు పెట్టి పిలిచేవారు.

నేనే వెళ్ళి కరస్పాండెంటు గారిని అడిగాను.

"ఆవిడ ఒక్కరికైనా కుర్చీ వేయించండి సార్."

"నాకు మాత్రం జాలి లేదాండీ? ఒకరికిస్తే రేపందరూ అడుగుతారు మాస్టారూ."

"అడిగితే ఇవ్వండి. కుర్చీలే గదండీ, కొబ్బరితోటలు కాదు."

"అందుకేనండీ స్టాఫ్ వెల్‌నెస్ ప్రోగ్రాం పెట్టేను. రాజమండ్రి నుంచి పెద్ద ఎక్స్‌పర్ట్ గారొస్తున్నారు. మనసు బాగుంటే కాళ్ళు నొప్పెట్టవంటండి."

శనివారం ఆయన వచ్చాడు. 'మీ ఆనందమే మా ఆనందం' అని, గోదావరి పాయ మీది గన్నవరం అక్విడక్టంత పొడుగు ఫ్లెక్సీ కట్టారు. వేదిక మీద ఆయనకీ కరస్పాండెంటు గారికీ కుర్చీలు. కింద స్టాఫంతా నిలువుకాళ్ళ మీద.

"కళ్ళు మూసుకోండి. మబ్బు మీద తేలుతున్నారనుకోండి" అన్నాడాయన.

మేడం గారు కళ్ళు మూసుకుంది. మూసుకున్నది మూసుకున్నట్టే గోడ వెంట కిందికి జారింది. ఆయా పట్టుకోబట్టి సరిపోయింది.

"మేడం గారికి మంచినీళ్ళివ్వండి. మీరు కానివ్వండి సార్" అన్నారు కరస్పాండెంటు గారు, కూర్చున్న చోటు నుంచి కదలకుండా.

ఆ 'కానివ్వండి' విన్నాక నా ఒళ్ళు నా మాట వినలేదు. తిన్నగా ఆయన గదికి పోయి ఆ కుర్చీని వరండా పొడుగునా తోసుకొచ్చాను. పది లారీలు వంతెనెక్కినంత చప్పుడు.

"మాస్టారూ, అది నా కుర్చీ అండీ."

"ఆయ్. తెలుసండీ."

మేడం గారు కూర్చుంది. కాసేపటికి మెల్లగా అడిగింది: "సోమవారం కూడా ఉంటుందాండీ ఇది?"

"ఉంటుందమ్మా" అన్నాను, ఎలా ఉంటుందో తెలియకుండానే.

సోమవారం బెల్లు కాకముందే దాన్ని తొమ్మిదో తరగతిలోకి తోశాను. వెనక్కి తెమ్మని కరస్పాండెంటు గారు ప్యూన్‌ను పంపారు. టీచర్లందరం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాం. నిలబడడం మాకు ఆయన నేర్పిందే. ప్యూన్ వచ్చినదారినే పోయాడు.

ఆవిడ కాన్పుకి సెలవు పెట్టిన మర్నాడే కుర్చీ ఏసీ గదికి తిరిగి వెళ్ళిపోయింది. ఆవిడ బదులు లెక్కలు చెప్పడానికి వచ్చినాయనకు అరవై దాటాయి, మోకాళ్ళు అరిగాయి. ఆయనా నిలబడే చెబుతున్నారు.